రేగు కొమ్మకి ముద్ర

(ఎస్వాతినికీ దక్షిణాఫ్రికాకీ మధ్య, పైన్ తోటల మీదుగా వచ్చే మట్టి రోడ్డు చివర కొండ మీది చిన్న గేటు. మధ్యాహ్నం మూడున్నర, నాలుగింటికి మూసేస్తారు. కిటికీకి అవతల ఎస్వాతిని ఆఫీసరు మగగులా. ఇవతల మంకోబ షొంగ్వే, అతని పక్కన దుప్పటి మూట పట్టుకుని అతని వదిన.)

"ఎంతమందని రాశావిక్కడ?"

"ముగ్గురండి."

"నాకు ఇద్దరే కనబడుతున్నారు."

"ముగ్గురమేనండి. నేను, మా వదిన, మా అన్న."

"అన్నేడీ? చెట్టు చాటుకి వెళ్ళాడా?"

"లేదండి. మా వదిన చేతిలో ఉన్నాడు."

"ఆ మూటలోనా?"

"మూటలో రేగు కొమ్మ ఉందండి. కొమ్మలో ఉన్నాడు. చనిపోయాడు. ఆత్మని కొమ్మలోకి పిలిచి ఇంటికి తీసుకెళ్తున్నాం."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా. ముగ్గురని రాస్తే మూడో పాస్‌పోర్టు ఎక్కడ పడిపోయిందా అని బల్ల కింద వెతుకుతున్నాను."

"అడిగితే చెబుదామనండి."

"అడిగితే చెబుదామనుకునేవాళ్ళని పద్నాలుగేళ్ళ నుంచి చూస్తున్నాను ఈ కిటికీలోంచి. అవతలి గేటు వాళ్ళేమన్నారు?"

"ఏమీ అనలేదండి. ఒకాయన టోపీ కూడా తీశాడు. ముద్రలు కొట్టి పంపించేశారు."

"వాళ్ళకేం. పోయేవాళ్ళని ఎవరైనా పంపిస్తారు. వచ్చేవాళ్ళతోనే తంటా. పేర్లు చెప్పు."

"నేను మంకోబ షొంగ్వే. ఈవిడ లాజ్వానే, మా అన్న భార్య. మాది హ్లూటి ఊరి అవతలండి, వాగు దాటాక..."

"ఆవిణ్ణి చెప్పనీ."

"ఆవిడ మాట్లాడకూడదండి. కొమ్మ పట్టుకున్నవాళ్ళు దారిలో బతికున్నవాళ్ళతో మాట్లాడకూడదు. మీకు తెలియంది కాదు."

"తెలుసులే. ఈ యూనిఫాం కింద నేనూ మీలాంటి స్వాజీవాణ్ణే."

"అందుకేనండి, కాస్త త్వరగా..."

"త్వరపడకు. త్వరపడేవాళ్ళ సంచులే నేను ముందు విప్పేది. ఎలా పోయాడు మీ అన్న?"

"గనిలోనండి. జోబర్గ్ నగరం అవతల పాత బంగారు గని ఒకటుంది. ఎప్పుడో మూసేశారు. అయినా మనవాళ్ళు దొంగదారిన దిగి తవ్వుకుంటూ ఉంటారు కదండీ."

"బంగారు గని."

"అవునండి. రెండేళ్ళ కిందట లోపల పైకప్పు కూలింది. పదిమందో పదిహేనుమందో ఉండిపోయారు. ఒక్క శవం కూడా పైకి తియ్యలేదు."

"బంగారం."

"శవం కూడా దక్కలేదని చెబుతున్నానండి నేను."

"వింటున్నాను. శవం లేదు. దొంగ గని. ఒక మూట. ఆ మూట మోసే మనిషి నోరు విప్పదు. చెప్పు, చెప్పు, బాగానే ఉంది."

"అలా ఒక్కొక్కటీ పేరిస్తే పెళ్ళి కూడా దొంగతనంలాగే ఉంటుందండి."

"పేర్చడానికే నాకు జీతం. రెండేళ్ళ కిందట పోతే ఇవాళ గుర్తొచ్చాడా?"

"మాకు తెలిసిందే మొన్న చలికాలంలోనండి. ఆయన వెళ్ళి పదకొండేళ్ళు. మొదట్లో ఉత్తరాలొచ్చేవి. తరవాత ఫోన్లు. తరవాత అదీ లేదు. మొన్న పక్క ఊరివాడొకడు తిరిగొచ్చాడు, అన్నతో పనిచేసినవాడు. వాడు చెప్పాడు. అన్న చివరగా ఉన్న గది ఎక్కడో కూడా వాడే రాసిచ్చాడు. పెద్దలు కూర్చుని, ఇంకా బయట వదిలేస్తే ఎలా, వెళ్ళి పిలుచుకు రమ్మన్నారు."

"భర్త పోతే నల్లబట్టలేవీ? ఈవిడ నీలం గౌను వేసుకుంది."

"ఆయన ఇంట్లోకి వచ్చాక కడతారండి. అదే కదండీ మా గోల. పదకొండేళ్ళుగా మా వదిన అటు పెళ్ళామూ కాదు, ఇటు విధవా కాదు. దూడని అమ్మాలంటే మొగుణ్ణి అడగాలి. వెనక పొలంలో కంచె వెయ్యాలంటే మొగుణ్ణి అడగాలి. పుట్టింటికి పోతానంటే, మొగుడొస్తే ఏం చెబుతామంటారు. ఎక్కడున్నాడని అడుగుతుంది? రేపు పొద్దున అన్నని ఇంట్లోకి దింపితే, నల్లబట్టలు కట్టుకుని, ఏడవాల్సింది ఏడ్చేసి, ఆ తరవాతైనా మనిషిలా తిరుగుతుంది. ఊరంతా మా వాకిట్లోనే ఉంది. మేకని కట్టేసి ఉంచారు. జొన్న బీరు కాచి రెండ్రోజులైంది, ఇంకో రోజైతే పులిసిపోతుంది."

"పులిసిన బీరు నా నేరం కాదు. తమ్ముడివి నువ్వుండగా ఆవిడెందుకు పట్టుకుంది కొమ్మ?"

"పెద్దలు నా చేతికే ఇచ్చారండి."

"మరి?"

"అక్కడికెళ్ళాక ఆవిడ తీసుకుంది."

"ఎందుకు తీసుకుంది?"

"వ్యాను డ్రైవరు వల్లనండి. వాడు నమ్మకస్తుడు కాడు. ఇద్దరం దిగితే సంచులతో సహా ఉడాయిస్తాడు. అందుకని నేను ఆ గదుండే సందు మొదట్లో వ్యానులోనే కూర్చుండిపోయాను. 'ముందు గది అదో కాదో చూసొస్తా, నువ్వుండు' అని వదిన కొమ్మ తీసుకుని దిగింది. గదిలో ఒకసారి పిలిచి, తరవాత గని దగ్గరికి పోయి పిలుద్దామని మేం అనుకున్న మాట. అరగంటకి తిరిగొచ్చింది. కొమ్మని దుప్పట్లో చుట్టేసింది. నోట మాట లేదు. వచ్చాడా అన్నాను. తలూపింది. గని దగ్గరికి పోదామా అన్నాను. ఇంటివైపు చెయ్యి చూపించింది."

"గనిలో పోయినవాడు గదిలో దొరికాడన్నమాట."

"ఆత్మ కదండీ. మంచమున్న గది ఉండగా ఆ చీకట్లో ఎందుకు పడుంటుంది?"

"ఆ గది నువ్వు చూళ్ళేదు."

"సందు మొదట్లో ఉన్నానని చెప్పాను కదండీ."

"లోపల ఎవరున్నారో తెలీదు."

"ఎవరుంటారు, తరవాత అద్దెకి దిగినవాళ్ళుంటారు."

"దుప్పట్లో ఏం చుట్టిందో తెలీదు."

"కొమ్మండి."

"చుట్టేటప్పుడు చూశావా?"

"కొనలు కనబడుతున్నాయిగా. అదుగో, ముల్లు కూడా పొడుచుకొచ్చింది చూడండి."

"ఒక ముల్లు చూపించి కింద ఏదైనా దాచొచ్చు. ఇంకో మాట అడుగుతాను, సూటిగా చెప్పు. మా అమ్మమ్మ మా మావయ్యని ఇలాగే తెచ్చినప్పుడు బస్సులో పక్క సీట్లో ఉన్నాను. దారంతా ఆవిడ అరుస్తూనే ఉంది. నాయనా, ఇదుగో వంతెన. నాయనా, మలుపు, జాగ్రత్త. నాయనా, బస్సు మారుతున్నాం, దిగు. జనం చెవులు మూసుకున్నారు."

"అవునండి, చెప్పాలి. చెప్పకపోతే అక్కడే నిలబడిపోతారు."

"బతికున్నవాళ్ళతో మాట్లాడకూడదు, సరే. పోయినవాడితో మాట్లాడాలి కదా? ఈవిడ నా ముందు నిలబడి పది నిమిషాలైంది. సరిహద్దు దాటుతున్నాం అని ఒక్క ముక్క చెప్పిందా?"

"లోపల చెప్పుకుని ఉంటుందండి."

"పెదవి కదల్లేదు. నేను ఆవిడ మొహమే చూస్తున్నాను. పోనీ నది దగ్గర చెప్పిందా?"

"ఏ నదండి?"

"ఏ నదైనా. దారిలో నాలుగున్నాయి."

"నాలుగా? మూడనుకున్నానే నేను."

"మంకోబా, చెప్పిందా లేదా?"

"లేదండి."

"ఒక్క చోట కూడా?"

"ఒక్క చోట కూడా చెప్పలేదండి. దుఃఖం, నోరు రాలేదనుకున్నాను. ఆవిడ చెప్పట్లేదని నేనే చెబుతూ వచ్చాను, దొంగచాటుగా. దగ్గినట్టు దగ్గి, 'అన్నా, వంతెన' అని. పట్టుకున్నవాళ్ళు చెప్పాలి. పక్కవాళ్ళు చెబితే వినబడుతుందో లేదో ఎవరికి తెలుసు? ఏ వంతెన మీదైనా వదిలేసి వచ్చామేమోనని దారంతా నాకు భయమే. మీరు ఇప్పుడడుగుతున్నారు. నేను నిన్నట్నుంచీ అడుగుతున్నాను, నాలో నేను."

"చూశావా. నీకూ అనుమానమే."

"నాది వేరే అనుమానమండి."

"అనుమానాల్లో వేరేలుండవు. మూట విప్పమను."

"విప్పకూడదండి. ఇంటి గుమ్మం దాటాకే విప్పాలి."

"పర్మిట్ లేకుండా చెట్టూ కొమ్మా ఏదీ గేటు దాటకూడదు. ఆ రూలు ప్రకారం అసలు ఆ కొమ్మ తీసుకుని పొయ్యిలో పెట్టాలి నేను. పెడుతున్నానా? విప్పమంటున్నాను, అంతే."

"మధ్యలో విప్పితే గాలికి పోతాడండి."

"అయితే కూర్చోండి. నాలుగింటికి తాళం వేసుకుని నేను పోతాను. రేపు ఏడింటికి వస్తాను."

"అటు బయటికి వెళ్ళినట్టు ముద్ర పడిపోయింది, ఇటు లోపలికి వచ్చినట్టు పడలేదు. ఈ మధ్యలో మేమెక్కడ పడుకుంటామండి?"

"కంచెకీ కంచెకీ మధ్య అరెకరం ఉంది. గడ్డి మెత్తగానే ఉంటుంది."

"మీరు స్వాజీవాణ్ణన్నారు."

"అన్నాను. అందుకే నేను ముట్టుకోకుండా ఆవిణ్ణి విప్పమంటున్నాను. ఇంకొకడైతే ఈపాటికి కత్తి పెట్టేవాడు."

"అయ్యా, దండం పెడతాను. పదకొండేళ్ళ తరవాత మా అన్నని... వదినా? వదినా, ఏం చేస్తున్నావు? వద్దు, ఊరికే బెదిరిస్తున్నాడాయన. ముడి తియ్యకు. వదినా."

"తియ్యనీ."

"బల్ల మీద పెట్టేసింది. అయ్యా, బల్ల మీద పెట్టేసిందండి."

"కింద పెట్టకూడదు కదా?"

"బల్లంటే కింద కాదులెండి. కాదనుకుంటాను. వదినా, తీసుకో. చేతిలోకి తీసుకో. తీసుకోదేంటండీ ఈవిడ? నేను పట్టుకోవచ్చా?"

"ఆగు. ముందు దుప్పటి దులుపు. ఊఁ. అంచులు చూపించు. కొమ్మ, ముళ్ళు, వాడిపోయిన ఆకులు. ఆ సంచిలో ఏంటి?"

"రొట్టె, ఉడకబెట్టిన గుడ్లు, మా పెద్దమ్మకి ముక్కుపొడి. చూసుకోండి."

"చెప్పులు ఇటివ్వండి."

"చెప్పులు కూడానా?"

"చెప్పు మడమలో బంగారం పెట్టుకొచ్చినవాణ్ణి ఈస్టర్ ముందే పట్టుకున్నాను ఇక్కడ. పాస్టరు గారు ఆయన."

"ఇదుగోండి నావి. వదినా, నీ చెప్పులు... ఇచ్చేసింది. చూడండి, అడిగిందల్లా ఇచ్చేస్తోంది. దొంగలు ఇలా ఇస్తారా?"

"ఏమీ లేదు."

"లేదనే కదండీ నేను మొదట్నుంచీ..."

"సరేలే. కొమ్మ తీసుకో. నువ్వే పట్టుకో."

"అన్నా, తప్పయిపోయింది. ఇది బల్ల. సరిహద్దు గేటులో బల్ల. ఎదురుగా ఉన్నది మగగులా గారు, మనవాడే, కాస్త అనుమానం మనిషి. భయపడకు. ఇప్పుడు నిన్ను నా చేతిలోకి తీసుకుంటున్నాను. మంకోబని నేను."

"అనుమానం మనిషని కూడా చెప్పాలా?"

"ఉన్నదున్నట్టు చెప్పాలండి వాళ్ళకి."

"ఇదుగో, రెండు ముద్రలు. మీ వ్యానువాడు హారను కొడుతున్నాడు, పోండి."

"మూడండి."

"ఏమయ్యా, గడియారం చూశావా?"

"పదకొండేళ్ళ కిందట మా అన్న ఈ గేటులోంచే వెళ్ళాడండి. నేనే సాగనంపాను, అదుగో ఆ బండ మీద కూర్చుని. వెళ్ళినట్టు మీరు రాసుకునే ఉంటారు. వచ్చినట్టు రాయకపోతే మీ లెక్కలో బయటే ఉండిపోడా? వ్యానులో కూడా ఆయనకో సీటు తీసుకున్నాం. ఇక్కడొక్కచోట లేడంటే ఎలాగండి?"

"కంప్యూటర్‌లో ఆత్మలకి గడి లేదు."

"కంప్యూటర్‌లో వద్దు. ఆ పెద్ద పుస్తకంలో ఒక్క గీత రాయండి చాలు. చెప్పులు విప్పించారు కదా, అందుకు బదులనుకోండి."

"గట్టివాడివే. సర్లే, పేరు?"

"వెలాఫి షొంగ్వే."

"నంబరేమైనా ఉందా ఆయనది? వెళ్ళిన తేదీ వెతికి దాని పక్కనే రాస్తాను. రాసేదేదో సరిగ్గా రాద్దాం."

"ఉందండి. ఎవరైనా అడుగుతారేమోనని గుర్తింపు కార్డు జిరాక్సు తెచ్చాను. ఇదుగో. పెద్ద మనసండి మీది."

"పొగడకు. ఇక్కడ నెట్టు నత్తనడక. ఆగు."

"అన్నా, నీ పేరు రాస్తున్నారు. కాసేపాగు. దొరికిందాండి? ఇంకా తిరుగుతోందా? ఏంటండీ, అలా చూస్తున్నారు?"

"పోయి రెండేళ్ళన్నావు."

"దాటిందండి రెండేళ్ళు."

"ఆ పక్క ఊరివాడు కళ్ళతో చూశాడా?"

"పైకప్పు కూలిన రోజు పొద్దున అన్న కిందికి దిగడం చూశాడట."

"పైకి రావడం?"

"పైకి రావడం చూళ్ళేదన్నాడు."

"చూళ్ళేదు. అంతే కదా. ఇలా రా. తెర నీవైపు తిప్పుతాను. ఈ ఫోటో ఎవరిది?"

"మా అన్నండి. అన్నే. అబ్బ, ఎంత బాగుంది. కాస్త లావయ్యాడు కదా? చెవి పక్కన మచ్చ చూడండి, అది నేను రాయి విసిరితే తగిలింది. ఎప్పటిదండీ ఇది? ఇలాంటి ఫోటో మా దగ్గర లేదు."

"కింద తేదీ చదువు."

"కళ్ళజోడు తెచ్చుకోలేదండి."

"పోయిన నెల పదకొండో తారీకు. జోబర్గ్‌లో మన కాన్సులేటుకి వెళ్ళి కొత్త పాస్‌పోర్టు తీసుకున్నాడు. పది వేళ్ళ ముద్రలూ ఉన్నాయి."

"ఎవరు తీసుకున్నారు?"

"మీ అన్న."

"పోయినవాడు ఎలా తీసుకుంటాడండి?"

"పోయినవాడు తీసుకోడు."

"కాస్త నెమ్మదిగా చెప్పండి నాకు."

"బతికే ఉన్నాడయ్యా. ఉంటున్న చోటు కూడా రాసిచ్చాడు. స్టేషన్ వెనక సందు, పదిహేడో నంబరు."

"పదిహేడు. మేం వెళ్ళింది పదిహేడుకేనండి. అదే సందు. అంటే, వదిన వెళ్ళేసరికి ఇంట్లో లేడన్నమాట. పనిలోకి పోయుంటాడు. వదినా, విన్నావా? అన్న ఉన్నాడట. మనం వెళ్ళినప్పుడు లేడంతే. ఇంకో గంటాగితే వచ్చేవాడు, నేనే ఆ వ్యానువాడికి భయపడి తొందరపెట్టాను. అయ్యా, గేటు ఇంకా మూయలేదు కదా? ఆ ముద్రలు కొట్టేయండి, అంటే తీసేయండి, వెనక్కి పోతాం. ఈ కొమ్మేం చెయ్యాలండి? దీన్లో ఎవరున్నట్టు? నిన్నట్నుంచీ నేను ఎవరికి చెబుతున్నాను వంతెనలన్నీ?"

"మంకోబా, నువ్వు కాసేపు మాట్లాడకు. అమ్మా, లాజ్వానే. పదిహేడో నంబరు తలుపు కొట్టావా నువ్వు?"

"ఆవిడ మాట్లాడకూడ..."

"ఎవరి కోసం మాట్లాడకూడదయ్యా ఇంకా?"

"అవునండి. అవును కదా. చెప్పు వదినా. తాళం వేసుంది కదూ?"

"లేదు."

"వదినా."

"తాళం లేదు మంకోబా. రెండుసార్లు కొట్టాను. లోపల రేడియో మోగుతోంది. అది ఆపి వచ్చి తలుపు తీశాడు."

"ఎవరమ్మా తీసింది?"

"ఆయనే. గడ్డం గీసుకుంటూ లేచొచ్చాడు, మొహం మీద సగం నురగ ఉంది. కొమ్మ చేతిలోనే ఉంది, అప్పటికింకా దుప్పటి చుట్టలేదు."

"అన్న ఏమన్నాడు? నిన్ను చూసి ఏమన్నాడు వదినా?"

"నన్ను గుర్తుపట్టాడు. నా పేరు ఆయన నోటిదాకా వచ్చింది, నాకు కనబడింది. ఒకసారి వెనక్కి, ఇంట్లోకి చూసుకున్నాడు. తరవాత కొమ్మ వంక చూసి, 'ఎవరు పోయారమ్మా?' అని అడిగాడు. మా ఆయన అని చెప్పి వచ్చేశాను."